మిద్దె మీద బీఫ్‌స్టీక్ టమాటా: గుంటూరు, బెజవాడ ఎండలకి ఏ రకం నిలుస్తుంది?

పోయినేడాది సంక్రాంతికి ముందు నా మొదటి చెరోకీ పర్పుల్ అనే బీఫ్‌స్టీక్ టమాటా పండుని మా ఇంట్లో పనిచేసే ఆవిడ తీసుకెళ్ళి కంపోస్టు డబ్బాలో పడేసింది. ఆమె తప్పేం లేదు. నాలుగు నెలలు సాకిన మొక్క మీద నుంచి కోసి, వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి పండు లేదు. "కుళ్ళిపోయిందమ్మా అది. కింద నల్లబడింది, పైనేమో ఇంకా పచ్చిగానే ఉంది" అంది. ఆ రకం పండితే అలాగే ఉంటుంది మరి: ఇటుకరంగులో వంగపండు రంగు కలిపినట్టు ఒళ్ళు, తొడిమ చుట్టూ ఆకుపచ్చ భుజాలు. డబ్బాలోంచి తీసి, కడిగి, తూకం మిషను మీద పెడితే 310 గ్రాములు. అడ్డంగా కోస్తే ఒక్కో చక్రం నా అరచెయ్యంత ఉంది. మామూలు టమాటా కోస్తే రెండు మూడు గదులు, వాటినిండా గింజల జిగురు కనిపిస్తాయి కదా. ఇందులో గదులు చిన్నవి, లెక్కకి చాలా ఉంటాయి, మిగతాదంతా కండే. రెండు చక్రాల మీద ఉప్పూ చిటికెడు కారమూ చల్లి ఆమెకీ పెట్టాను. "బాగానే ఉందిగానీ, ఆ రంగే..." అంటూ తినేసింది.

అప్పట్నుంచీ మిద్దెతోట ఉన్నవాళ్ళు ఎవరు కలిసినా అడుగుతున్నారు, ఇవి మన దగ్గర వస్తాయా, వస్తే ఏ రకం వెయ్యాలి అని. వస్తాయి. అయితే పాకెట్టు మీద ఫొటో చూసి రకం ఎంచుకుంటే మాత్రం రావు. ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ పండుతో వంటింట్లో ఏం చేస్తారు? మీ మొక్క ఏ నెలలో పూతకొస్తుంది? ఈ రెండూ తేలితే సగం రకాలు వాటంతటవే పక్కకి పోతాయి.

పేరు సంగతి కూడా చెప్పేస్తాను. కోసిన ముక్క మాంసం ముక్కలా వెడల్పుగా, దళసరిగా ఉంటుందని అమెరికావాళ్ళు బీఫ్‌స్టీక్ అన్నారు, అంతే. మా అత్తగారు ఆ పేరు విన్న రోజు నుంచి ఆ కుండీల వైపే వెళ్ళలేదు, నీళ్ళు పొయ్యడం కూడా మానేశారు. "గుమ్మడి టమాటా" అని నేను పేరు మార్చాక శాంతించారు. ఇప్పుడు మా ఇంట్లో దానికి అదే పేరు. ఈ రకాల్లో చాలావాటిని హెయిర్‌లూమ్ అని కూడా అంటారు, అంటే ఒక కుటుంబమో ఒక ఊరో తరతరాలుగా గింజ దాచుకుంటూ వచ్చిన సూటి రకం. గింజ తీసి మళ్ళీ వేస్తే తల్లిలాంటి మొక్కే వస్తుంది. హైబ్రిడ్‌లో ఆ భరోసా లేదు.

పప్పులోకా, పళ్ళెంలోకా?

గుంటూరు వంటింట్లో టమాటాకి ఉన్న ఉద్యోగం పులుపు. పప్పు, చారు, రోటి పచ్చడి, నిల్వ పచ్చడి, దేంట్లో వేసినా మనం చూసేది అదే. బీఫ్‌స్టీక్‌లో నాలుక్కి ముందు తగిలేది తీపి, తర్వాత ఒకరకం కమ్మదనం, పులుపు ఎక్కడో వెనక ఉంటుంది. మొదటి ఏడాది నేను బ్రాండీవైన్ అనే రకం కాయలు రెండు పెట్టి పప్పు చేశాను. ఆనపకాయ పప్పులా వచ్చింది. మా వారు రెండు ముద్దలు తిని, "కాస్త చింతపండు పిసికి పొయ్యవూ" అన్నారు. అంత కష్టపడి పండించిన పండుకి చింతపండు తోడు కావాల్సి వస్తే ఆ కష్టం ఎందుకు?

నిల్వ పచ్చడికైతే అసలు ఆలోచించొద్దు. ముక్కలు ఎండబెట్టినప్పుడు నాటు టమాటా పులుపు చిక్కబడుతుంది. బీఫ్‌స్టీక్ ముక్క ఎండి తియ్యగా, తోలులా తయారవుతుంది. పైగా పచ్చడికి కావాల్సినంత కాయ ఒక్కసారి ఏ బీఫ్‌స్టీక్ మొక్కా ఇవ్వదు.

కాబట్టి మీ ఇంట్లో టమాటా అంటే పప్పూ పచ్చడీ అయితే, గీతలు గీతలుగా, పైనా కిందా అణిగినట్టు ఉండే నాటు టమాటా వెయ్యండి. లేదా పి.కె.ఎం-1, అర్కా వికాస్ లాంటి సూటి రకాలు వెయ్యండి. గింజా దాచుకోవచ్చు, కాయా పులుస్తుంది. తెగుళ్ళతో విసిగిపోయి, మందు కొట్టకుండా కాయ వస్తే చాలనుకునేవాళ్ళకి బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్కా రక్షక్ ఉంది. ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది. కాయ 80 నుంచి 100 గ్రాములు, గట్టిగా ఉంటుంది. హైబ్రిడ్ కాబట్టి ఏటా గింజ కొనుక్కోవాలి, అదొక్కటే చిక్కు. నా మిద్దె మీద నాలుగు సంచులు ఎప్పుడూ వీటికే. బీఫ్‌స్టీక్‌లు పాడైన ఏడాది కూడా ఇంట్లో పప్పు ఆగలేదంటే ఇవే కారణం.

ఇవన్నీ "మనవి", అవి "పరాయివి" అని గీత గీసేవాళ్ళకి ఒక చిన్న మాట. అర్కా వికాస్ కూడా టిప్‌టాప్ అనే అమెరికా రకంలోంచి ఏరి తీసిందే. అసలు టమాటాయే దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దానికి రామములగపండు అని పేరు పెట్టుకుని మనం సొంతం చేసుకున్నాం.

మరి బీఫ్‌స్టీక్ దేనికి? పచ్చిగా తినడానికి. చక్రాలు కోసి, ఉప్పూ కారమూ నాలుగు చుక్కల నిమ్మరసమూ. పెరుగు పచ్చడిలో వేస్తే నీరు తక్కువ కాబట్టి పెరుగు పల్చబడదు. పిల్లలకి శాండ్‌విచ్‌లో ఒక్క చక్రం చాలు, రొట్టె నాలుగు మూలలా సరిపోతుంది. డబ్బు ఆదా అవుతుందని మాత్రం వెయ్యకండి. 2023 జూలైలో కిలో నూరు దాటి పరిగెత్తినప్పుడు చాలామంది కుండీల్లో టమాటా వేశారు. వాళ్ళ కాయలు చేతికొచ్చేసరికి బజారులో ధర దిగిపోయింది. బీఫ్‌స్టీక్ అంతకంటే ఆలస్యం, అంతకంటే తక్కువ.

రాత్రుల లెక్క

ఇది అర్థమైతే మిగతాది సులువు. టమాటా పూతకి పగటి ఎండ ఎంత శత్రువో రాత్రి ఉక్క కూడా అంతే. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పుప్పొడి చక్కగా పనిచేస్తుంది. రాత్రి 24 దాటుతున్నా, పగలు 34, 35 దాటుతున్నా పుప్పొడి చచ్చుబడి పువ్వు రాలిపోతుంది. చిన్న కాయల రకాలు కొంత ఓర్చుకుంటాయి. పెద్ద కాయల రకాలు ఓర్చుకోవు.

మన దగ్గర రాత్రులు 20కి అటూ ఇటూ దిగేది డిసెంబరు, జనవరి నెలల్లోనే. కాస్త సాగదీస్తే నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, అంటే 90 రోజులు. పూత వచ్చి పిందె కట్టడం అంతా ఈ కిటికీలోనే జరగాలి. పువ్వు విచ్చినప్పటి నుంచి పెద్ద కాయ పండటానికి 50 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ పండటం మార్చిలోకి పోయినా ఫర్వాలేదు. ఇక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకోండి. నాటిన 40, 50 రోజులకి పూత. కాబట్టి అక్టోబరు మొదటి వారానికల్లా మొక్క కుండీలో ఉండాలి. నారు పెరగడానికి 25 నుంచి 30 రోజులు. అంటే గింజ ఆగస్టు చివర్లో, మహా అయితే సెప్టెంబరు మొదటి వారంలో పడాలి. పాకెట్టు మీద "80 రోజులు" అని ఉంటే అది నాటినప్పటి నుంచి, గింజ వేసినప్పటి నుంచి కాదు. ఈ ఒక్క పొరపాటుతో నెల రోజులు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, నాతో సహా.

మా అక్క వాళ్ళది బెజవాడ, మొగల్రాజపురం. ఇంటి వెనకే కొండ. పగలంతా కాగిన రాయి రాత్రి పదింటిదాకా సెగ వదులుతూనే ఉంటుంది, ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు. అక్క ఒక ఏడాది నారు డిసెంబరు చివర్లో నాటింది. మొక్క ఆరడుగులు పెరిగింది, ఆకు నిగనిగలాడింది, ఫిబ్రవరిలో గుత్తులు గుత్తులుగా పూసింది. నెలాఖరుకి రోజూ పొద్దున్నే మిద్దె మీద పసుపు పూలు రాలి ఉండేవి. ఒక పువ్వు తీసి చూస్తే కాడ మధ్యలో మోచేయిలాంటి కణుపు ఉంటుంది, సరిగ్గా అక్కడే తెగింది. తెగులు సోకిందని అక్క మందు కొట్టింది. తెగులేం కాదు, పిందె కట్టలేనని మొక్కే పువ్వుని వదిలేసుకుంది. ఆ ఏడాది ఆరు మొక్కలకి మూడు కాయలొచ్చాయి.

మార్చిలో ఇంకో తమాషా ఉంది. 30 డిగ్రీలు దాటాక టమాటాలో ఎర్ర రంగు సరిగ్గా తయారుకాదు. కాయ పండుతుంది గానీ పసుపు భుజాలతో, నారింజ రంగులో ఆగిపోతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి నేను కాయని మొక్క మీద పండనివ్వను. అడుగున రంగు తిరగడం మొదలవగానే కోసి లోపల నీడలో, తొడిమ వైపు కిందికి పెట్టి పండిస్తాను. నాలుగైదు రోజుల్లో పండుతుంది, రుచి పోదు. ఫ్రిజ్‌లో పెడితేనే పోతుంది. ఉడతలకీ రామచిలకలకీ మనకంటే ముందే వాసన తెలుస్తుంది కాబట్టి అలా కొయ్యడమే మేలు. అక్క వాళ్ళింటికి కోతులు కూడా వస్తాయి, వాటికి ఏ సలహా లేదు.

వానల సంగతి మర్చిపోకూడదు. గింజ పడేది సరిగ్గా వానల్లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్‌లో నేల మీద తోట ఉన్న స్నేహితురాలికి ఇల్లే నీళ్ళలో ఉంది, ఇక నారు మాట ఎవరడుగుతారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా గుంటూరు మిద్దె మీద పిందెలతో ఉన్న కొమ్మలు కర్రలతో సహా పడిపోయాయి. అందుకే నారు ఎప్పుడూ కప్పుల్లో, ఎత్తుకుని లోపలికి పరిగెత్తేలా ఉండాలి. కర్రని కుండీకి కాదు, పిట్టగోడ కమ్మీకి కట్టాలి.

ఏ రకం?

నాలుగేళ్ళలో నేను వేసినవి తొమ్మిది రకాలు. అన్నిటి గురించీ సమానంగా చెప్పడానికి లేదు, కొన్నిటి గురించి చెప్పడానికేం లేదు కూడా.

మొదటిసారి వేసేవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పేది చెరోకీ పర్పుల్. నాటిన 80 రోజుల చుట్టూ కాపుకొస్తుంది, దాని పూతంతా మన 90 రోజుల కిటికీలో హాయిగా ఇముడుతుంది. టెనెస్సీ రాష్ట్రంలో జాన్ గ్రీన్ అనే ఆయన ఉత్తరంలో గింజలు పెట్టి క్రెయిగ్ లెహూలియే అనే తోటమాలికి 1990లో పంపాడు. ఈయన పెంచి, చెరోకీ తెగవారి దగ్గర్నుంచి వచ్చిందని విన్న మాటని బట్టి ఆ పేరు పెట్టాడు. ఆ రంగు రావడానికి కారణం, పండేటప్పుడు ఎరుపు వస్తున్నా లోపలి ఆకుపచ్చ పూర్తిగా పోకపోవడమే. అక్కడ పావుకిలో నుంచి 350 గ్రాముల దాకా అంటారు. నా దగ్గర సగటున 200, 220. సంచిలో పెంచితే, మన ఎండకి అంతే. మొక్కకి పది పన్నెండు కాయలు వస్తే అదృష్టం.

బ్లాక్ క్రిమ్ దానికి చెల్లెలి వరస. క్రిమియా నుంచి వచ్చింది, ఇంకొంచెం ముదురు రంగు, రుచిలో సన్నగా ఉప్పదనం ఉంటుంది. నా మిద్దె మీద ఉక్కలో అన్నిటికంటే బాగా పిందె కట్టింది ఇదే. కానీ తొక్క పల్చన. ఒక్క వాన పడినా, రెండు రోజులు నీళ్ళు మర్చిపోయి మూడో రోజు నిండా పోసినా తొడిమ చుట్టూ గుండ్రంగా పగిలిపోతుంది. రోజూ ఒకే సమయానికి నీళ్ళు పొయ్యగలిగితే, లేదా డ్రిప్ ఉంటే ఇదే వేసుకోండి. ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే వద్దు.

బ్రాండీవైన్ గురించి అందరూ అడుగుతారు. రుచికి రాణి అని పేరు, నిజమే కూడా. నేను తిన్న టమాటాల్లో అంత రుచి మళ్ళీ దొరకలేదు. కానీ ఆమె రాణిలాగే ప్రవర్తిస్తుంది. నాటిన 90, 100 రోజులకి గానీ పండు లేదు, పూత ఆలస్యం, వచ్చిన పూతలో సగం రాలుతుంది. మన కిటికీలో మొదటి రెండు గుత్తులకే సమయం. రెండేళ్ళలో ఆరు మొక్కలు వేశాను, కోసిన కాయలు మొత్తం పదకొండు. ఒక్క సంచి ఖాళీగా ఉండి, మనసులో మొండితనం ఉంటే వెయ్యండి. నాకున్నది రెండోదే. మీకు మూడే సంచులుంటే అందులో ఒకటి దీనికి ఇవ్వకండి.

మోర్ట్‌గేజ్ లిఫ్టర్, అంటే తాకట్టు విడిపించేది. పేరుకి తగ్గ కథ ఉంది. వెస్ట్ వర్జీనియాలోని లోగన్‌లో రేడియేటర్లు బాగుచేసే ఎం.సి. బైల్స్ 1930లలో పెద్ద కాయల రకాలని ఒకదానితో ఒకటి కలుపుతూ దీన్ని తయారుచేశాడు. 1940లలో నారు మొక్క ఒక్కోటి డాలరుకి అమ్మి, ఆరేళ్ళలో 6,000 డాలర్ల ఇంటి అప్పు తీర్చేశాడు. కాయ అమ్మలేదు, మొక్క అమ్మాడు, అది గమనించండి. నా దగ్గర ఇది చెరోకీకీ బ్రాండీవైన్‌కీ మధ్యలో ఉంది: కాయ పెద్దది, గింజ తక్కువ, కానీ మొదటి కాయకి ఫిబ్రవరి వచ్చేసింది. నేల ఉన్నవాళ్ళకి మంచిది, సంచిలో సర్దుకోలేదు.

పెద్ద పేరు లేకపోయినా పని చేసేవి రెండున్నాయి. అర్కాన్సాస్ ట్రావెలర్, హోమ్‌స్టెడ్ 24. మొదటిది అర్కాన్సాస్‌లో, రెండోది ఫ్లోరిడాలో, వేడిలో కూడా కాయ నిలవాలని తయారుచేసిన సూటి రకాలు. నిక్కచ్చిగా మాట్లాడితే హెయిర్‌లూమ్ అనలేం, కాయ కూడా 170 నుంచి 220 గ్రాముల దగ్గర ఆగుతుంది. అయినా మా అక్క ఇంట్లో, ఆ కొండ సెగలో, ఫిబ్రవరి మూడో వారం దాకా పిందె కట్టింది అర్కాన్సాస్ ట్రావెలర్ ఒక్కటే. బెజవాడలో కొండల పక్కన ఉండేవాళ్ళు పేరుకి పోకుండా దీంతో మొదలుపెట్టండి. హోమ్‌స్టెడ్ మరీ తీగలా సాగదు, నడుమెత్తు పొదలా ఆగుతుంది. పెరట్లో కర్రల పని వద్దనుకునేవాళ్ళకి అది.

బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్ళకి ఫ్రెంచివాళ్ళ మార్మాండ్. 70 రోజుల చుట్టూ వస్తుంది, మొక్క చిన్నది, కాయ మన నాటు టమాటాకి అన్నయ్యలా గీతలతో ఉంటుంది. కొంచెం పులుపు కూడా ఉంది, పప్పులో వేసినా ఎవరూ చింతపండు అడగలేదు. బిగ్ రెయిన్‌బో లాంటి పసుపు, ఎరుపు చారల రకాలు ఫొటోకి బాగుంటాయి, అంతకు మించి మన దగ్గర వాటికి టైము లేదు.

సంచి, మట్టి, గింజ

తీగ రకాలకి 15 అంగుళాల సంచి కనీసం, 18 ఉంటే సుఖం. 12 అంగుళాల కుండీలో మొక్క బతుకుతుంది, కాయ బతకదు. 18 అంగుళాల సంచిలో దాదాపు 75 లీటర్ల మట్టి పడుతుంది. తడిశాక అది ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేని బరువు, కాబట్టి నింపకముందే దూలం మీదో గోడ మీదో వచ్చే చోట పెట్టుకోండి.

మట్టి దగ్గర మన జిల్లాలవాళ్ళం చేసే తప్పు నల్లరేగడి నింపడం. పొలంలో అది బంగారం. సంచిలో వానకి బురద, ఎండకి ఇటుక. ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు, రెండు మూడుసార్లు కడిగిన కోకోపిట్ (కొబ్బరి పొట్టు) ఒక వంతు, సంచికి రెండు గుప్పెళ్ళ వేపపిండి. పెరట్లో నేల మీద వేస్తే రేగడిలో బోదె ఎత్తుగా తోలి, బోదె మీద నాటాలి. పోయినేడు అక్కడ మిరప, వంగ, టమాటా ఏది వేసి ఉన్నా ఈసారి అక్కడ వద్దు. అన్నీ ఒకే కుటుంబం, ఎండు తెగులూ వేరుబుడిపె నులిపురుగులూ నేలలో కాచుకుని ఉంటాయి. మిరప లేని పెరడు గుంటూరులో దొరకడం కష్టం కాబట్టే నా ఓటు సంచికి. నీళ్ళలో కూడా తేడా ఉంది. మా బోరు నీళ్ళు ఉప్పన, నెలరోజులు పోస్తే ఆకు అంచులు మాడిపోయాయి. కుళాయికొచ్చే కృష్ణ నీళ్ళు పట్టి పోస్తున్నాక ఆ గొడవ లేదు.

నర్సరీల్లో ఈ నారు నాకు కనిపించలేదు, గింజ తెప్పించుకోవాల్సిందే. ఇక్కడే మోసాలు. ఆన్‌లైన్‌లో ఒకచోట పింక్ బ్రాండీవైన్ అని పదిహేను గింజలు కొన్నాను. ఫిబ్రవరిలో గోలీకాయంత ఎర్ర టమాటాలు కాసింది. అమ్మినవాళ్ళు జవాబే ఇవ్వలేదు. ఇప్పుడు అంతదాకా ఆగను. పింక్ బ్రాండీవైన్ ఆకు బంగాళదుంప ఆకులా అంచు నున్నగా ఉంటుంది, మామూలు టమాటా ఆకుకి రంపపు పళ్ళలా కోతలుంటాయి. నారు మూడు నాలుగు ఆకులు వేసేసరికి తేడా తెలిసిపోతుంది. కోతలుంటే అక్కడే పీకెయ్యండి. చెరోకీ, బ్లాక్ క్రిమ్‌లకి కోతల ఆకే ఉంటుంది, వాటిని ఇలా పట్టుకోలేం.

నారు దశలో తప్పకుండా చెయ్యాల్సింది దోమతెర. ఆకుముడత వైరస్‌ని తెల్లదోమ మోస్తుంది, హెయిర్‌లూమ్‌లకి దాన్ని తట్టుకునే శక్తి అసలు లేదు, అర్కా రక్షక్‌కి ఉన్న కవచం వీటికి లేదు. 40 మెష్ (అంగుళానికి నలభై కన్నులు) నైలాను వలతో నారు కప్పుల్ని గూడులా కప్పండి. నాటాక పసుపు జిగురు అట్టలు వేలాడదీసి, వారానికోసారి లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి ఆకు అడుగున తడిచేలా కొట్టండి. ముడత వచ్చిన మొక్కకి మందు లేదు. జాలిపడకుండా పీకి కవర్లో కట్టి పడెయ్యాలి. ఒకటి ఉంచితే మిగతావీ పోతాయి.

కొమ్మలు రెండే ఉంచి పక్క పిలకలు గిల్లెయ్యండి, ఆకులు మాత్రం కొయ్యకండి. విదేశీ వీడియోల్లో కింద ఆకులన్నీ తీసేసి కాయలకి ఎండ చూపిస్తుంటారు. మన ఎండకి ఆ కాయ ఉడికి తెల్లమచ్చ పడుతుంది. పూత మీద ఉన్నప్పుడు పొద్దున పది, పదకొండు మధ్య గుత్తి కాడని వేలితో టకటకా కొట్టండి. టమాటా పువ్వు కదిలితేనే పుప్పొడి రాలుతుంది, తేనెటీగకి ఆ విద్య రాదు, నల్ల తుమ్మెదకి వచ్చు. అక్క పాత బ్యాటరీ టూత్‌బ్రష్‌తో చేస్తుంది, ఫలితం అదే.

కాయ అడుగున నల్లగా కుళ్ళితే అందరూ కోడిగుడ్డు పెంకులు వెయ్యమంటారు. ఆ పెంకు కరిగి మొక్కకి అందడానికి నెలలు పడుతుంది, ఈలోపు కాపు అయిపోతుంది. నూటికి తొంభై సార్లు లోపం కాల్షియంది కాదు, నీళ్ళది. ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచితే కాల్షియం మట్టిలో ఉన్నా కాయకి చేరదు. సంచి మీద ఎండుగడ్డి పరిచి రోజూ ఒకే కొలత పొయ్యండి చాలు.

గింజ దాచేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ మొక్కలకి మొదట్లో రెండు మూడు పువ్వులు అతుక్కుని ఒక్కటిగా పూస్తాయి. దాంట్లోంచి వంకరటింకర కాయ వస్తుంది, పక్క రకం పుప్పొడి కూడా సులువుగా అంటుకుంటుంది. దాన్ని గిల్లెయ్యండి. రెండో గుత్తిలో ఒక మొగ్గకి సన్నని వల సంచి కట్టి, పిందె కట్టాక తీసి, కాడకి ఎర్రదారం కట్టండి. ఆ కాయ బాగా పండాక గుజ్జుతో సహా గింజలు గ్లాసులో వేసి రెండు రోజులు పులవనివ్వాలి. అక్కడి పుస్తకాల్లో మూడు, నాలుగు రోజులని ఉంటుంది, మన వేడికి మూడో రోజు గ్లాసులోనే మొలకెత్తుతాయి. పైన తెట్టు కట్టగానే కడిగి, పింగాణీ పళ్ళెంలో నీడన ఆరబెట్టాలి. కాగితం మీద వేస్తే అంటుకుని రావు.

ఈ ఏడాది పది సంచుల్లో నాలుగు ఎప్పట్లాగే నాటుకీ రక్షక్‌కీ. మూడు చెరోకీ, ఒకటి బ్లాక్ క్రిమ్, ఒకటి అర్కాన్సాస్ ట్రావెలర్, ఒకటి ఆ రాణిగారికి. ఆగస్టు 25న గింజ వేశాను. అక్క నిన్న ఫోన్ చేసి తనకీ నాలుగు మొక్కలు ఉంచమంది, ట్రావెలర్ రెండు, చెరోకీ రెండు. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్తానంది. "సంక్రాంతికి నువ్వు కాయ కొయ్యాలక్కా, దసరా లోపు రా" అన్నాను. "దసరాకి దుర్గమ్మ కొండ దగ్గర రద్దీలో బయటపడలేనే, అంతకు ముందే వస్తాలే" అంది. నాలుగు కప్పుల మీద మార్కరుతో అక్క పేరు రాసి దోమతెర కింద పెట్టాను.